స్టెప్పు మొదలుపెట్టే ముందు పైట ఏ భుజం మీదుందో చూడండి

మూడేళ్ల కిందట ధర్మవరంలో మా అన్న కూతురి పెళ్లి. సంగీత్‌లో ఆడవాళ్లం ఎనిమిది మందిమి ఒక పాటకి ఆడాలని పిల్లలు పట్టుబట్టి, వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టి, ఎవరింట్లో వాళ్లు నేర్చుకుని రండి, ముందురోజు కలిపి ఒకసారి చూసుకుందాం అన్నారు. అనంతపురంలో నాది చిన్న టైలరింగ్ షాపు. రాత్రి షట్టర్ సగం దించి, కటింగ్ టేబుల్ గోడకి జరిపి, ఇరవై రోజులు చెమటలు కారేలా ప్రాక్టీస్ చేశాను. గ్రూపులో పెట్టింది మరీ స్పీడుగా ఉందని, అదే పాటకి అవే స్టెప్పులు ఇంకో అమ్మాయి నిదానంగా చెప్పిన వీడియో వెతుక్కున్నా, చాలా తెలివైన పని చేశాననుకున్నా. తీరా మండపంలో అందరం వరసగా నిలబడి పాట పెట్టగానే ఏడుగురు కుడిచెయ్యి ఎత్తారు, నేను ఎడమచెయ్యి ఎత్తాను. వాళ్లు కుడికి తిరిగితే నేను ఎడమకి తిరిగి పక్కనున్న మా వదినని గుద్దుకున్నా. "అత్తా, నువ్వంతా ఉల్టా చేస్తుండావు!" అని పెళ్లికూతురే పడీపడీ నవ్వింది.

ఒక్క స్టెప్పు కూడా మర్చిపోలేదు నేను. అన్నీ కరెక్టే, కాకపోతే అన్నీ అటువి ఇటు. బ్లౌజుకి రెండు చేతులూ ఒకే వైపుకి కట్ చేసిన కొత్త టైలర్ పనిలా అయింది.

ఆ తర్వాత పంతం పట్టి రెండు మూడు సినిమా పాటలు, కూచిపూడిలో మొదటి అడుగులు కొన్ని, మా వీధి ఆడవాళ్లతో కలిసి కోలాటం నేర్చుకున్నా. అంతకుముందే, 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని కూర్చున్నప్పుడు, మగ్గం వర్క్ కూడా వీడియోలు చూసే నేర్చుకున్నా. అన్నిట్లోనూ నాకు తగిలిన ఇబ్బంది ఒకటే. వీడియోలో టీచరు మనకి కనబడుతుంది, మనం ఆమెకి కనబడం. క్లాసులో అయితే "ఏయ్, మోకాలు వంచు" అని అరిచే మనిషి ఒకరుంటారు. ఫోను అరవదు, మీరు ఎంత తప్పు చేస్తున్నా అదే నవ్వుముఖంతో "సూపర్, చాలా బాగా చేశారు" అంటుంది. అందుకని ఆ చూసే పని మనమే ఏదో ఒక రకంగా ఏర్పాటు చేసుకోవాలి, కింద నేను చెప్పబోయే వాటిలో సగం దానికోసమే.

ఏ వీడియో పట్టుకోవాలి

యూట్యూబులో పాట పేరు పక్కన 'డ్యాన్స్' అని కొడితే వచ్చేవి ఎక్కువగా ఆడి చూపించేవి. నేర్పేవి కావాలంటే 'ట్యుటోరియల్', 'స్టెప్ బై స్టెప్', 'బిగినర్స్' లాంటి మాట ఒకటి కలపండి. టైప్ చేయడం కష్టమైతే మైకు గుర్తు నొక్కి తెలుగులోనే అడగచ్చు. నిమిషం డ్యాన్స్ నేర్పడానికి పదిహేను ఇరవై నిమిషాలు తీసుకున్న వీడియో అయితే కొంచెం నమ్మకం పెట్టుకోండి. నిమిషం డ్యాన్స్‌కి రెండు నిమిషాల వీడియో అంటే వాళ్లకి వచ్చని చూపించుకుంటున్నారన్నమాట, అంతే.

నేను ముందు చూసేది పాదాలు. మనిషి తల నుంచి పాదాల దాకా, మొదటి నుంచి చివరి దాకా ఫ్రేములో ఉండాలి. రీల్స్‌లో, షార్ట్స్‌లో ఎక్కువగా నడుము పైభాగమే కనబడుతుంది, లేకపోతే ప్రతి రెండు సెకన్లకీ కట్ పడి కెమెరా ఇంకోవైపు నుంచి చూపిస్తుంది, అది చూడ్డానికి బాగుంటుంది గానీ నేర్చుకోవడానికి పనికిరాదు. టీచరు నోటితో లెక్క చెప్పాలి. ఒకసారైనా మనకి వీపు తిప్పి చేసి చూపించాలి. బట్టలు కూడా చూడండి, నల్లగోడ ముందు నల్ల ప్యాంటు వేసుకుని చేసేవాళ్ల కాళ్లు ఎటు పోతున్నాయో దేవుడికే తెలియాలి.

మూడు వీడియోల కంటే ఎక్కువ చూడొద్దు. ఒకటి పట్టుకుని అదే మనిషి దగ్గర చివరిదాకా నేర్చుకోండి. ఒకరు "ఐదు ఆరు ఏడు ఎనిమిది" తర్వాత ఎత్తుకుంటారు, ఇంకొకరు అదే స్టెప్పుని రెండో లెక్క మీద మొదలుపెడతారు, రెండూ కలిపితే మన బుర్ర పాడవుతుంది. రాత్రి పదింటికి వీడియో వెతకడం మొదలుపెట్టి పదకొండున్నరకి ఏదో వంట వీడియో దగ్గర తేలిన రోజులు నాకున్నాయి. అందుకే వెతికే రోజు వేరు, ఆడే రోజు వేరు అని పెట్టుకున్నా. డౌన్‌లోడ్ బటన్ ఉంటే ముందే దించి పెట్టుకుని, నెట్ ఆపేసి ఆడతాను. క్వాలిటీ 480 చాలు, రోజుకి జీబీన్నర డేటా ఉన్నవాళ్లు అంతకంటే పైకి పోవాల్సిన పనిలేదు.

కుడి ఎడమల గొడవ

నా కొంప ముంచింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. టీచరు మీకు ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తితే అది స్క్రీన్ మీద మీ ఎడమచేతి వైపు కనబడుతుంది. మీరు అద్దంలో చూసినట్టు చేస్తే మీ ఎడమచెయ్యి లేస్తుంది. ఈ ఇబ్బంది లేకుండా కొంతమంది వీడియోని కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పేసి పెడతారు, దాన్నే 'మిర్రర్డ్' అంటారు, అప్పుడు అద్దంలో చూసినట్టు చేస్తే సరిగ్గా సరిపోతుంది. పెళ్లిలో మిగతావాళ్లు చూసింది తిప్పిన వీడియో, నేను చూసింది తిప్పనిది.

పేరులో మిర్రర్డ్ అని రాసుంటే సంతోషం. రాయకపోతే ఎట్లా తెలుస్తుంది? గోడ మీదో టీషర్టు మీదో అక్షరాలుంటే చూడండి, తిరగబడి ఉంటే తిప్పిన వీడియో. అక్షరాలు లేకపోతే బట్టలు చూడండి, ఇది నా వృత్తిలో నాకు తట్టిన ఉపాయం. చీర పైట మనం ఎడమ భుజం మీదే వేస్తాం, ఓణీ కూడా అంతే. ఎదురుగా నిలబడిన టీచరు పైట స్క్రీన్ మీద మీ కుడిచేతి వైపు భుజం మీద కనబడితే మామూలు వీడియో, మీ ఎడమచేతి వైపు కనబడితే తిప్పినది. మగ టీచరైతే చొక్కా జేబు చూడండి, ఆ జేబు మేం ఎడమ వైపే కుడతాం. చుడీదార్ వేసుకున్నవాళ్లతోనే చిక్కు, చున్నీ నడుముకి కట్టేసుకుంటారు.

తిప్పని వీడియో ఒక్కటే దొరికితే వీపు తిప్పి చేసే భాగం చూసి నేర్చుకోండి, అందులో కుడి కుడే, ఎడమ ఎడమే. కంప్యూటర్ ఉన్నవాళ్లు ఫైలుగా చేతిలో ఉన్న వీడియోని వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి, ఎఫెక్ట్స్‌లోకి వెళ్లి కుడి ఎడమలు తారుమారు చేసుకోవచ్చు. ఇంట్లో ఒక్కరే సరదాకి ఆడుకునేవాళ్లకి ఇదంతా అవసరం లేదు, ఏ వైపు ఆడినా ఎవరూ అడగరు. పదిమందితో కలిసి ఆడాలన్నా, కూచిపూడి లాంటిది నేర్చుకోవాలన్నా తప్పదు.

ఒకే లైనుని ఇరవై సార్లు

వీడియో పెట్టగానే లేచి ఆడకండి. మొదటిసారి కూర్చుని చూడండి. రెండోసారి చప్పట్లు మాత్రం కొట్టండి. పాట ఎక్కడ బలంగా పడుతుందో చేతులకి తెలిశాక కాళ్లు దించడం తేలిక. సినిమా పాటల్లో ఎక్కువ భాగం నాలుగు నాలుగుగా నడుస్తాయి కాబట్టి డ్యాన్స్ మాస్టర్లు ఎనిమిది లెక్కని ఒక ముక్కగా తీసుకుంటారు. పల్లె బీట్ ఉన్న కొన్ని పాటలు 'తకిట తకిట' అని మూడు మూడుగా పోతాయి, వాటిని నాలుగుతో లెక్కపెడితే రెండో లైనులోనే కాలు తడబడుతుంది. చప్పట్లు కొట్టేది అందుకే.

ఒక లెక్క చెప్తా. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటనుకోండి. నిమిషం ముక్కలో 120 దెబ్బలు, అంటే ఎనిమిదివి పదిహేను ముక్కలు. రోజుకి రెండు ముక్కలు నేర్చుకుంటే ఎనిమిది రోజులు, కలుపుకోవడానికి ఇంకో నాలుగైదు రోజులు. ఆదివారం పెళ్లి పెట్టుకుని గురువారం వీడియో వెతికేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, వెనక వరసలో నిలబడండి.

ఒక్కో ముక్కని ముందు కాళ్లతో మాత్రమే చేయాలి, చేతులు నడుము మీద పెట్టుకుని. కాళ్లు ఆలోచన లేకుండా పడ్డాక చేతులు కలపాలి. ముఖం, నవ్వు అన్నీ తర్వాత. సెట్టింగ్స్ గుర్తు నొక్కితే ప్లేబ్యాక్ స్పీడ్ ఉంటుంది. 0.5లో మొదలుపెట్టి, 0.75కి వచ్చి, ఆ తర్వాతే మామూలు స్పీడు. 0.25లో బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంది, వేళ్లు ఎట్లా పెట్టారో చూసుకోవడానికి తప్ప ఆడడానికి కాదు. ఇంకో సంగతి, ఎగిరే స్టెప్పుల్ని స్లోలో చేయడానికి ప్రయత్నించకండి. వీడియో నిదానమవుతుంది గానీ భూమి లాగడం నిదానం కాదు కదా! స్లోలో ఏ కాలు ముందు దిగుతోందో చూసి, ఎగరకుండా ఆ వరసలో నడిచి, పూర్తి స్పీడుకి వచ్చాకే ఎగరండి. స్క్రీన్ ఎడమ పక్కన రెండుసార్లు టక్ టక్ అని తడితే పది సెకన్లు వెనక్కి పోతుంది, నా ఫోనులో ఆ మూల గాజు అరిగిపోయిందని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

అన్ని ముక్కలూ వచ్చినా అతుకుల దగ్గర ఆగిపోతాం. గుడ్డకైనా డ్యాన్స్‌కైనా కుట్టు జారేది అక్కడే. దానికోసం ముందు ముక్కలో చివరి రెండు లెక్కలు, తర్వాతి ముక్కలో మొదటి రెండు లెక్కలు, ఆ నాలుగు మాత్రమే విడిగా ఇరవై సార్లు చేయండి. ఇంకొకటి, ప్రతిరోజూ మొదటి నుంచే మొదలుపెడితే మొదటి సగం అద్భుతంగా, చివరి సగం గందరగోళంగా తయారవుతుంది, ఏ పెళ్లి స్టేజీ మీదైనా చూడండి ఇదే. అందుకే రోజు మార్చి రోజు చివరి ముక్క నుంచి వెనక్కి రండి.

నేను కొలతల పుస్తకంలో వెనక పేజీల నుంచి స్టెప్పులు రాసుకుంటాను. '0:42, కుడి కాలు పక్కకి 1-2, ఎడమ కాలు వెనక 3-4, తిరుగు 5-6-7, ఆగు 8.' ఒకసారి కస్టమర్ చూసి ఇది ఏ మోడల్ బ్లౌజక్కా అని అడిగింది.

ఫోను ముందు ఆడి, ఫోనులో చూసుకోవడం

ఇది ఎవరికీ నచ్చదు, నాకు ఇప్పటికీ నచ్చదు, కానీ ఇది లేకుండా వీడియోతో నేర్చుకోవడం అన్నది జరగదు. దారపు డబ్బాకి ఆనించి నడుము ఎత్తులో ఫోను పెట్టి, ఏడెనిమిది అడుగులు దూరం పోయి, పాదాలు ఫ్రేములో పడుతున్నాయో లేదో చూసుకుని, ఒక ముక్క ఆడి రికార్డు చేయండి. మొదటిసారి చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. నేనైతే చేతులు ఆకాశానికి ఎత్తాననుకున్నా, వీడియోలో చూస్తే ఆటో ఆపుతున్న మనిషిలా భుజం దాకా లేచాయి. మన ఒంటికి అనిపించేది ఒకటి, జరిగేది ఒకటి.

ఒక్కో రోజు ఒక్కో చోటు మాత్రం చూడండి. ఒకరోజు మోకాళ్లు, ఒకరోజు భుజాలు, ఒకరోజు కళ్లు ఎటు చూస్తున్నాయో. అన్నీ ఒకేసారి చూస్తే మనసు విరిగి మానేస్తారు. టీచరు వీడియోలో అదే లెక్క దగ్గర ఆపి, మీది అదే లెక్క దగ్గర ఆపి, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎవరూ చెప్పకుండానే దొరుకుతుంది. సెల్ఫీ కెమెరాతో తీస్తే జాగ్రత్త, చాలా ఫోన్లలో తీసేటప్పుడు అద్దంలా కనబడి సేవ్ అయ్యాక మామూలుగా మారుతుంది, అప్పుడు మళ్లీ కుడి ఎడమల గొడవ. వెనక కెమెరాతోనే తీసుకోండి.

చివరి పరీక్ష, ఫోను బోర్లా పెట్టి పాట మాత్రం వింటూ ఆడడం. చూస్తూ ఆడినన్నాళ్లూ మన కాళ్లు అర సెకను టీచరు వెనకే ఉంటాయి, ఆమె చేసింది చూసి చేస్తాం కాబట్టి. బొమ్మ లేకుండా మూడుసార్లు వరసగా వచ్చిందంటే వచ్చినట్టు.

బండలు, ఎండలు, మోకాళ్లు

మన పక్క ఇళ్లల్లో ఎక్కువగా తాడిపత్రి బండలో కడప బండలో పరిచి ఉంటాయి. ఎండాకాలం పడుకోవడానికి స్వర్గం, డ్యాన్స్‌కి శత్రువు. స్టూడియోల్లో వేసే చెక్క ఫ్లోరు దూకితే కొంచెం దిగి లేస్తుంది, రాయికి ఆ గుణం లేదు, దెబ్బంతా మోకాలికీ పిక్క ముందు ఎముకకీ తగులుతుంది. నాలుగు రోజులు వరసగా ఎగిరి నేను వారం రోజులు మెషిను తొక్కలేకపోయాను. కాబట్టి ఎగిరే స్టెప్పులు రాయి మీద తక్కువ సార్లు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకుని చేయండి. మెత్తగా ఉంటుందని జంపఖానా పరిచి దానిమీద గిరగిరా తిరగకండి, అది బండ మీద జారి మిమ్మల్ని గోడకి కొడుతుంది. రబ్బరు మ్యాట్ అయితే జారదు. మిద్దె మీద ఆడేవాళ్లు కింద కాపురమున్నవాళ్లని ముందే అడగండి.

అనంతపురం ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరులోపు ఆడాలి లేకపోతే రాత్రి. తిన్న వెంటనే వద్దు. మొదలుపెట్టే ముందు ఐదు పది నిమిషాలు నడిచి, మడమలు, మోకాళ్లు, నడుము కదిపి ఒళ్లు వేడి చేసుకోండి. కండరం కొంచెం లాగినట్టుంటే ఫర్వాలేదు, మామూలుగా కొన్ని రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు వస్తే ఆ క్షణమే ఆపండి, వీడియోలో ఆమె ఎంత ఉత్సాహంగా 'ఇంకొక్కసారి' అన్నా సరే.

కూచిపూడి సంగతి వేరు

షాపుకొచ్చే తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, పాపకి కూచిపూడి యూట్యూబులో నేర్పించచ్చా అని. నా అనుభవంలో కొన్ని నేర్చుకోవచ్చు, కొన్ని అస్సలు వద్దు.

హస్తాలు నేర్చుకోవచ్చు. పతాక, త్రిపతాక, అర్ధపతాక, కర్తరీముఖ అంటూ ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలు 28. మన చెయ్యి మనకే కనబడుతుంది కాబట్టి స్క్రీన్ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని రోజుకి రెండు చొప్పున నేర్చుకున్నా, పక్కామె నాకేదో జబ్బనుకుని సర్దుకుని కూర్చుంది. తాళం కూడా నేర్చుకోవచ్చు. ఆదితాళం ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అని ఐదు జాతులున్నాయి, 'తకిట', 'తకధిమి', 'తకతకిట' అని నోటితో అంటూ చేత్తో వేయడం వీడియోతో బాగా వస్తుంది.

అడుగులు మాత్రం, ముఖ్యంగా సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి, మనిషి ముందు నేర్చుకోవాలి. మోకాళ్లు రెండు పక్కలకీ విచ్చుకుని, కాలి వేళ్లు ఏ దిక్కుకి ఉన్నాయో ఆ దిక్కుకే వంగాలి, వీపు నిటారుగా ఉండాలి. పాదాలు బలవంతంగా విప్పేసి మోకాళ్లు ముందుకే వదిలేస్తే బొమ్మ దాదాపు అట్లాగే కనబడుతుంది, మెలి మాత్రం కీలు మీద పడుతుంది. ఆ తేడా వీడియోలో పిల్లకి తెలియదు, పక్కన కూర్చున్న తల్లికీ తెలియదు. గురువు ఒక్క చూపులో పట్టేస్తారు. చౌక, కత్తెర, కుప్పి, జారడుగు అని అడుగుల పేర్లు విన్నప్పుడు కత్తెర దగ్గర నాకు నవ్వొచ్చింది, రోజంతా నా చేతిలో ఉండేది అదే కదా, ఈజీగా వచ్చేస్తుందనుకున్నా. రాలేదు. ఊళ్లో తెలిసిన ఒక టీచరమ్మ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుంటే గానీ మడమ ఎంత ఎత్తాలో, ఎంత గట్టిగా తట్టాలో అర్థం కాలేదు. అక్కడే ఇంకొకటి గమనించా. వాళ్లు ప్రతి అడుగునీ ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని స్పీడు రెట్టిస్తూ చేయిస్తారు. ఫోనులో స్పీడు బటన్ చూసి మనం మురిసిపోతున్నాం గానీ ఆ పద్ధతి వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది.

ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చి, మగపిల్లలు కూచిపూడి చేస్తే నవ్వుతారా అక్కా అని మెల్లగా అడిగాడు. ఒకప్పుడు కూచిపూడి ఊళ్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు, సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మగాయనే అని చెప్పా. పాత రికార్డింగులు ఉంటే చూడు అన్నా. గజ్జెలు మాత్రం ఆన్‌లైన్‌లో కొనేయకు, అవి ఎప్పుడు కట్టాలో గురువు చెప్తారు.

డబ్బు కట్టే కోర్సుల గురించి ఒక మాట. సర్టిఫికెట్ ఇస్తామంటే 1,500 కట్టి ఒక దాంట్లో చేరాను, లోపల చూస్తే ఊరికే దొరికే వీడియోలే వరస మార్చి పెట్టారు. కట్టే ముందు ఒకే ప్రశ్న అడగండి: నేను ఆడి పంపిన వీడియో చూసి తప్పులు చెప్పే మనిషి ఉన్నారా? ఉంటే డబ్బు దండగ కాదు. లేకపోతే ఫ్రీవి చాలు.

ఫ్రేము కింద చెయ్యి

మగ్గం వర్క్ నేర్చుకునేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకోసం కొంచెం. ఆరి సూదితో, అంటే కొనకి కొక్కెం ఉండే సూదితో, గొలుసు కుట్టు వేయడం వీడియోలో చూస్తే ఎంతో తేలిక, సూది గుచ్చుతారు, లాగుతారు. పదిరోజులు నాకు ఒక్క కుట్టు పడలేదు, దారం తెగడం, గుడ్డ చిరగడం. ఎందుకంటే అసలు పని కెమెరాకి కనబడదు. ఫ్రేము కింద ఎడమచెయ్యి దారాన్ని సూది కొక్కేనికి అందించాలి, పైన కుడిచెయ్యి సూదిని తిప్పి పైకి లాగాలి. పైనుంచి తీసిన వీడియోలన్నీ పై సగమే చూపిస్తాయి. నెట్ గుడ్డ మీద కుట్టి కింద చెయ్యి కూడా కనబడేలా తీసిన వీడియో ఒకటి దొరికాక అరగంటలో పడింది. గుడ్డ డప్పులా బిగుతుగా ఉండాలి, మొదట్లో లావు నూలు దారంతో మామూలు కాటన్ మీద గొలుసు కుట్టు ఒక్కటే వేయండి, జర్దోసీ తీగ, కట్‌దానా పూసలు తర్వాత.

ఏ హాబీ అయినా ఇంతే, కెమెరా చూపించని చెయ్యి ఎక్కడుందో ముందు వెతకండి. గిటార్‌లో మెడ వెనక ఉండే బొటనవేలు అట్లాంటిదే. వంటకి ఈ గొడవే లేదు, నాలుకే చెప్తుంది. శీర్షాసనం లాంటివి వీడియో చూసి చేయకండి, అంతే.

కోలాటం

శ్రీరామనవమికి మా వీధిలో కోలాటం వేద్దామనుకున్నప్పుడు అనుకున్నంత తేలిక కాదని తెలిసింది. కోలాటం వీడియోల్లో పదహారు మంది తిరుగుతుంటారు, పక్కనుంచి తీసినది కాబట్టి ముందున్నవాళ్లు వెనకవాళ్లని కప్పేస్తారు. మిద్దె మీదనుంచి తీసినవి వెతకండి, దారులు కనబడతాయి. ఎవరు ఎటు పోతున్నారో అర్థం కాకపోతే నేను చేసినట్టు చేయండి: కటింగ్ టేబుల్ మీద ఎనిమిది తెల్ల గుండీలు లోపలి వలయంగా, ఎనిమిది ఎర్ర గుండీలు బయటి వలయంగా పేర్చి, వీడియో ఆపి ఆపి ఒక్కో లెక్కకి గుండీలు జరపడం. ఒక కోపు, అంటే కోలాటంలో ఒక వరస ఆట, మొత్తం పావుగంటలో తేలిపోయింది. తర్వాత వీధిలో ముగ్గుపిండితో చుక్కలు పెట్టి, చుక్కకి నెంబరు వేసి, ప్రతి ఒక్కరూ తన నెంబరు ఏ చుక్క నుంచి ఏ చుక్కకి పోతుందో అదే గుర్తుపెట్టుకున్నారు. కోలలు లేకుండా నడక, ఆ తర్వాత కోలలతో నడక, ఆ తర్వాతే పాట. మొదటిరోజే కోలలిస్తే వేళ్లు వాచిపోతాయి.

ఎదురింటి అరుగు మీద కూర్చుని చూసే పెద్దమ్మ ఒకామె ఉంది, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో రామాలయం ముందు రాత్రిళ్లు చెక్కభజన నేర్పుతుంటే చూస్తూ పెరిగిన మనిషి. రెండు రోజులు ఊరికే చూసి మూడోరోజు "ఏమ్మా, కోలలు ఇరగ్గొట్టేకి వచ్చినారా, ఆడేకి వచ్చినారా? మణికట్టు తిప్పండి, మోచేయి కాదు" అంది. అంతే, ఆ రోజు నుంచి చప్పుడు మారిపోయింది. నెల రోజులుగా చూసిన వీడియోల్లో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పుంటారేమో, మేం మోచేయి ఆడిస్తున్నామని వాళ్లకెట్లా తెలుస్తుంది?

జడ కోలాటం మాత్రం మొదటిసారి దెబ్బతిన్నాం. పైనుంచి వేలాడే ఎనిమిది తాళ్లు ఎనిమిది మంది పట్టుకుని, నలుగురు ఇటు నలుగురు అటు, ఒకరి కిందనుంచి ఒకరి పైనుంచి పోతే తాళ్లు జడలా అల్లుకుంటాయి. అల్లడం బానే అల్లాం. విప్పేటప్పుడు అదే దారిలో వెనక్కి రావాలి, ఎవరో ఒకరు కిందనుంచి పోవాల్సిన చోట పైనుంచి పోయారు, ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు, తాళ్లన్నీ ఉండచుట్టుకుపోయాయి. ఏడుగురూ నా వైపే చూశారు, కత్తెర నా దగ్గరే ఉంటుంది కదా. కొయ్యనివ్వలేదు, గంటసేపు కూర్చుని విప్పాం. అప్పట్నుంచి ఎనిమిది మంది తాళ్లు పట్టుకుంటే తొమ్మిదో మనిషి బయట నిలబడి ఫోనులో తీస్తూ, తప్పు పడగానే "ఆగండి" అని అరుస్తుంది. వంతులవారీగా. ఈ వారం అరిచే వంతు నాది.